పొట్టి మాటకు పొడుగు పద్దు

'రన్' అంటే ఏమిటని అడిగితే ఎల్‌కేజీ పిల్లాడు కూడా పరుగెత్తి చూపిస్తాడు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ వాళ్లు మాత్రం ఈ మూడక్షరాల మాటకు క్రియగానే 645 అర్థాలు తేల్చారు. నామవాచకంగా ఉన్నవి వేరే. ఈ ఒక్క క్రియను కొలిక్కి తేవడానికి పీటర్ గిలివర్ అనే సంపాదకుడికి తొమ్మిది నెలలు పట్టింది.

అంతకుముందు ఈ రికార్డు 'సెట్'ది. 1989లో 20 సంపుటాలుగా వచ్చిన రెండో కూర్పులో ఆ క్రియకు 430కి పైగా అర్థాలిచ్చారు. వివరణే దాదాపు 60,000 మాటలు, అంటే ఓ మోస్తరు నవలంత! తర్వాత మూడో కూర్పు కోసం సవరణ మొదలుపెట్టినవారు 'ఎ' దగ్గర కాకుండా 'ఎం' దగ్గర అందుకున్నారు. దాంతో 2000లో 'మేక్' ముందుకొచ్చింది, 2007లో దాన్ని 'పుట్' దాటింది, 2011లో 'రన్' అందరినీ వెనక్కి నెట్టింది. క్విజ్ పుస్తకాలు కొన్ని ఇప్పటికీ 'సెట్' దగ్గరే ఆగి ఉన్నాయి. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు చూసుకోండి.

ఆ మాటకొస్తే 'సెట్' మన దగ్గరా తక్కువ తినలేదు. సినిమావాళ్లు వేసేది సెట్, హోటల్లో వేసేది సెట్ దోసె. సంబంధం సెట్ అవుతుంది, ఇద్దరి మధ్య సెట్ కాకుండానూ పోతుంది. ఎంసెట్‌లోని సెట్‌కు మాత్రం వీటితో చుట్టరికం లేదు, అది మూడు మాటల పొడి అక్షరాలు.

645 అర్థాలు ఎలా వచ్చాయో తెలియాలంటే 'రన్'ని తెలుగులోకి దించి చూడాలి. ఇంగ్లిషువాడికి నది, ముక్కు, ఫ్యాను, బస్సు, దుకాణం, సినిమా అన్నీ రన్ అవుతాయి. మనకు నది పారుతుంది, ముక్కు కారుతుంది, ఫ్యాను తిరుగుతుంది, బస్సు నడుస్తుంది. దుకాణం మనమే నడుపుతాం. సినిమా ఆడుతుంది. ఉతికితే కొత్త చీర రంగు దిగుతుంది, అక్కడా వాళ్లది రన్నే. అన్నిటికన్నా తమాషా ఎన్నికలది. అమెరికా అభ్యర్థి పోటీలో పరుగెత్తుతాడు, బ్రిటన్ అభ్యర్థి నిలబడతాడు. ఈ విషయంలో మనం బ్రిటన్ పక్షమే, మన వార్డు మెంబరు కూడా నిలబడే గెలుస్తాడు.

యంత్రాలు వచ్చాక 'రన్' మరీ రెచ్చిపోయింది. రైలు, గడియారం, ఇంజను, చివరికి కంప్యూటర్ ప్రోగ్రాము కూడా ఆ క్రియ కిందికే చేరాయి. అయినా ఈ అంకెల్ని మరీ గట్టిగా పట్టుకోనక్కర్లేదని నా ఉద్దేశం. బస్సు నడవడం, ఫ్యాను తిరగడం ఒకే అర్థమా, రెండా? ఒక సంపాదకుడు కలిపేస్తాడు, ఇంకొకాయన విడదీస్తాడు. కత్తి ఎంత పదునైతే ముక్కలు అన్ని ఎక్కువ.

ఇక తిరగేసి చూద్దాం: అర్థం ఒకటే, మాటలు బోలెడు. ఇక్కడ కిరీటం తాగుబోతుదే. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1737లోనే తన పత్రికలో తాగినవాణ్ని వర్ణించే మాటలు 200కు పైగా అచ్చేశాడు. మన కాలంలో పాల్ డిక్సన్ అనే అమెరికన్ రచయిత ఆ జాబితాను 2,900 దాటించాడు. చుక్కేశాడు, పుచ్చుకున్నాడు, పట్టించాడు, మందు కొట్టాడు అంటూ మనమూ ఎత్తుకోవచ్చు గానీ వేలల్లోకి వెళ్లడం కష్టం.

పర్యాయపదాల పుస్తకాల్లో పేరుమోసిన థిసారస్‌ను కూర్చిన పీటర్ మార్క్ రోజే వృత్తిరీత్యా వైద్యుడు. 1852లో అది అచ్చయ్యేనాటికి ఆయనకు 73 ఏళ్లు. మన సి.పి. బ్రౌన్ నిఘంటువు వెలువడిందీ ఆ ఏడాదే. గ్లాస్గో విశ్వవిద్యాలయం వాళ్లు 1965లో మొదలెట్టిన చారిత్రక థిసారస్‌కైతే 44 ఏళ్లు పట్టింది. మధ్యలో 1978లో భవనానికి నిప్పంటుకుంది. కాగితపు చీటీలన్నీ ఇనప బీరువాలో ఉండబట్టి బతికాయి. 2009లో పుస్తకం బయటికొచ్చింది.

నానార్థాలు మనకు కొత్త సరుకేమీ కాదు. అమరకోశం 'హరి' అనే రెండక్షరాలకు 14 అర్థాలు చెప్పింది. విష్ణువు, ఇంద్రుడు, సింహం, కోతి, చిలుక, పాము అందులోవే. కప్ప కూడా ఉంది!

తెలుగులో 'రన్'కి సాటి వచ్చే క్రియ ఏదంటే నా ఓటు 'పడు'కే. ఒక్క ఊరి కబుర్లు చాలు. వాన పడింది. బోరులో నీళ్లు పడ్డాయి. ఒకటో తారీఖున జీతం పడింది. ఫైలు మూలన పడింది. అత్తకూ కోడలికీ పడదు. ముసలాయనకు పాలు పడవు. మాట పడ్డవాడు ఊరుకోడు. సెకండ్ షో పడిందంటే అది కింద పడినట్టు కాదు. ఓట్లు పడ్డాయంటే ఎవరూ ఏరుకోరు.

నేను కాగితం మీద రాస్తూ పోతే ఇరవై రెండు దగ్గర ఆగాను. పడిలేచే సామెతలూ, ఎగబడడం తెగబడడంలాంటి జంట మాటలూ ఇందులో కలపలేదు. మీకు ఇరవై మూడోది తడితే రాసి పంపండి.