పొగమంచులో మూడు సెకన్లు

పార్లమెంటు శీతకాల సమావేశాల వేళ రాజధానిని పొగమంచు కమ్మడం పరిపాటి. విమానాలు ఆలస్యమైతే సభ్యులకు ఆగ్రహం కలగడమూ సహజమే! జంషెడ్‌పూర్‌కు ఖర్కాయి నది ఆవలి ఒడ్డున, మోటారు విడిభాగాలు తయారుచేసే ఆదిత్యపూర్ పారిశ్రామికవాడలో లారీ డ్రైవరు ఎవరిపై ఆగ్రహించాలి?

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు దాటుతుంది. చూపు 50 మీటర్లకే ఆగిపోతే, వెనుక దీపం లేకుండా రోడ్డుపై నిలిపిన లారీని ఢీకొనడానికి వ్యవధి మూడు సెకన్లే. పెద్ద లైటు వేస్తే ఆ వెలుగు మంచు బిందువులపై పడి అతని కళ్ళలోకే తిరిగి వస్తుంది. లైటు దించి, వేగం తగ్గించడమే శరణ్యం.

మరి ఆగివున్న లారీ మాటేమిటి? వాహనాన్ని ప్రమాదకరంగా వదలరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 122వ సెక్షను శాసిస్తున్నది. 2019లో పార్లమెంటు ఈ చట్టాన్ని సవరించి జరిమానాలను పెంచింది. రాత్రివేళ బండి ఆపుకొని కునుకు తీయడానికి, దీపాలున్న జాగా చూపవలసిన బాధ్యత ఎవరిదో కూడా సభలో ఎవరైనా అడిగితే బాగుండును.