కప్ప బొమ్మ నేర్పిన పాఠం

బ్రిస్టల్‌లో మా అద్దె ఇంట్లోకి దిగిన మొదటి చలికాలమే పడకగదిలో బీరువా వెనక గోడ నల్లబడింది. చెమ్మ, బూజు. బాబుకు దగ్గు వదల్లేదు. ఏజెంటుకు ఫోన్ చేస్తే ‘మీ వంటల్లో ఆవిరి ఎక్కువ, బట్టలు కూడా ఇంట్లోనే ఆరేస్తారు, కిటికీలు తెరవండి’ అన్నాడు. అప్పుడు మా అమ్మ గుంటూరు నుంచి వచ్చి ఉంది. ‘నా పప్పుచారు వల్ల గోడ పాడైందా?’ అని నొచ్చుకుంది.

ఇరవై ఏళ్లుగా సాఫ్ట్‌వేర్ రాస్తున్నవాణ్ని. కొలిచి చూపిద్దామనుకున్నా. తేమను కొలిచే సెన్సర్లు కొని మా ఇంట్లోనూ, ఇదే బాధ పడుతున్న మరో ముగ్గురు తెలుగు మిత్రుల ఇళ్లలోనూ పెట్టాను. ఫోన్‌లో గ్రాఫులు కనిపించేలా యాప్ చేశాను. రెండు వారాలు తిరక్కుండానే మిత్రుల ఇళ్లలో మూడూ ఆగిపోయాయి. ఎందుకని అడిగితే ఒక మిత్రుడి భార్య నవ్వింది. ‘రాత్రంతా ఆ నీలం లైటు మిణుకుమంటుంటే పాప పడుకోవడం లేదు అన్నయ్యగారూ. పైగా ఆ ప్లగ్గు మాకు రైస్ కుక్కర్‌కి కావాలి.’

ఆ తర్వాతే మా ఊళ్లో జరిగిన ఒక ప్రయత్నం గురించి తెలిసింది. 2016లో దక్షిణ బ్రిస్టల్‌లోని నోల్ వెస్ట్ మీడియా సెంటర్, నగర కౌన్సిల్, బార్సిలోనాకు చెందిన ఐడియాస్ ఫర్ చేంజ్ కలిసి ఒక ప్రాజెక్టు నడిపాయి. పరికరంతో మొదలుపెట్టలేదు. మీ ఇబ్బంది ఏమిటని ముందు జనాన్ని అడిగారు. ఇళ్లలో చెమ్మ అన్నారు. అక్కడివాళ్లు, కళాకారులు, సాంకేతిక నిపుణులు కలిసి సెన్సర్‌ను కప్ప ఆకారపు పెట్టెలో అమర్చారు. చెమ్మ ఉన్నచోటే కదా కప్ప ఉండేది!

దీన్నే లివింగ్ ల్యాబ్ అంటారు. మనుషుల్ని ప్రయోగశాలకు రప్పించడం కాదు, ప్రయోగశాలే మనుషులుండే చోటికి వెళ్లడం. వాడేవాళ్లు పరీక్షకు నమూనాలు కారు, తయారీలో భాగస్వాములు. ఈ ఆలోచనకు ఆద్యుడిగా ఎంఐటీ ప్రొఫెసర్ విలియం మిచెల్‌ను చెబుతారు. 2006లో ఇలాంటి ల్యాబులకు యూరప్ స్థాయిలో ఒక నెట్‌వర్క్ ఏర్పడింది. హెల్సింకీలోని కలాసతామా పేటలోనైతే నివాసులకు రోజుకో గంట సమయం మిగల్చాలని లక్ష్యం పెట్టుకుని, చిన్న సంస్థల సేవలను వాళ్ల మధ్యే పరీక్షించారు.

మేమూ మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి లాప్‌టాప్ మూసేసి నాలుగు కుటుంబాలూ మా హాల్లో కూర్చున్నాం. మూడు నియమాలు రాసుకున్నాం. ఎవరి లెక్కలు వాళ్లవే, ఎందుకంటే తేమ చూస్తే ఇంట్లో మనుషులున్నారో లేదో తెలిసిపోతుంది. వద్దనుకున్న రోజు ఎవరైనా తప్పుకోవచ్చు. నెలకోసారి ఫలితాలు అందరం కలిసి చూడాలి. లైటు తీసేసి బ్యాటరీ పెట్టాను. గ్రాఫు బదులు ఒకే అంకె. అన్నిటికన్నా అమ్మ సలహా ఎక్కువ పనికొచ్చింది: వంటగదిలో ఒక నోటుపుస్తకం. పొయ్యి వెలిగించిన వేళ, స్నానాలు, బట్టలు ఆరేసిన వేళ, కిటికీ తీసిన వేళ అందులో రాయడం. బాబు మా పెట్టెకు కప్ప బొమ్మ అతికించాడు.

పప్పుచారు కాగేటప్పుడు అంకె ఎగబాకేది, కిటికీ తీస్తే దిగేది. కానీ క్రిస్మస్ సెలవుల్లో హీటింగ్ వేసే ఉంచి, ఐదు రోజులు తాళం వేసి ఊరెళ్లినా పడకగది మూల తేమ తగ్గలేదు. పుస్తకం పేజీలు, లెక్కలు జతచేసి ఉత్తరం పంపాం. మనిషి వచ్చి చూస్తే బయట గోడకున్న వాననీటి గొట్టం పగిలి ఉంది. బాగుచేశారు. మరో ఇంట్లో మాత్రం కారణం నిజంగా బట్టలు ఆరేయడమే. ఆ మాట ఏజెంటు అన్నప్పుడు వాళ్లకు కోపం వచ్చింది. తమ పుస్తకంలో తామే రాసుకున్నది కాబట్టి ఇప్పుడు ఒప్పుకుని అలవాటు మార్చుకున్నారు.

మన సంఘాల్లో యాప్‌లు చేసేవాళ్లకు కొదవ లేదు. వారం వారం నాలుగిళ్లకు ఫోన్ చేసి ‘ఎలా ఉంది, ఏం విసుగు తెప్పించింది’ అని అడిగేవాళ్లే కావాలి. మా దగ్గర ఆ పని నా భార్య చేసింది. ఆమె లేకపోతే రెండోసారీ సెన్సర్లు సొరుగులోకే వెళ్లేవి.

అమ్మ గుంటూరు వెళ్లిపోయింది. ఫోన్‌లో ముందు బాబు దగ్గు తగ్గిందా అని అడుగుతుంది. తగ్గిందంటే, ‘మరి కప్ప ఏమంటోంది?’ అంటుంది.