గాజుతొట్టికి అలుగు

ఒకప్పుడు పెద్ద నగరములకే చెల్లిన ముచ్చట, ఇంటిలో చేపల గాజుతొట్టి, ఇప్పుడు మణుగూరు వంటి బొగ్గుగనుల ఊళ్ళలోను కానవచ్చుచున్నది. బల్లమీద నుంచెడి చిన్న తొట్టికి బాధ లేదు. నాలుగడుగుల తొట్టి పెట్టి, దాని క్రింద నీరు వడియుటకు సంపు అమర్చినప్పుడే చిక్కు కలుగును. పైతొట్టి నీరు గొట్టముద్వారా సంపులోనికి దిగును. మోటారు దానిని మరల పైకెత్తును. చేపల రంగులను గూర్చి, మేతను గూర్చి మన సోదరీమణులు ఎంతయో విచారింతురు. నీరు దిగెడి దారిని గూర్చి విచారించువారు మాత్రము అరుదు. నేల తడిసినపిదప గాని ఆ దారి గుర్తునకు రాదు.

చెరువులు కట్టించిన మన పెద్దలు తూము వేరు, అలుగు వేరు అని యెరుగుదురు. తూము పొలమునకు కావలసిన నీటిని విడుచుటకు; అలుగు అక్కరకు మించిన నీరు తనంత తాను పోవుటకు. 13వ శతాబ్దమున కాకతీయులనాడు కట్టిన పాఖాల, రామప్ప చెరువులకు నేటికిని అలుగులున్నవి. అలుగు చాలనిచో నేమగునో మణుగూరున్న భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోనే చూచితిమి. అశ్వారావుపేట మండలమున గుమ్మడవల్లి యొద్దనున్న పెద్దవాగు ప్రాజెక్టునకు మూడు తలుపులు. 2024 జూలై 18న వచ్చిన వరద వాని శక్తిని మించినది. మూడింటిలో నొకటి లేవలేదని నాటి పత్రికలు వ్రాసినవి. ఆ రాత్రి మట్టికట్ట తెగి దిగువ పల్లెలు మునిగినవి. గాజుతొట్టిని ప్రాజెక్టుతో పోల్చుట నవ్వు పుట్టింపవచ్చును గాని, లెక్క ఒక్కటే. మామూలు దినమునకు సరిపడు దారి చాలదు. ఒక దారి మూసికొనిపోయిన దినమునకు సరిపడవలయును.

మొదట మోటారు ఎంత నీరెత్తుచున్నదో తెలిసికొనవలయును. పైతొట్టి యంత ఎత్తున 15 లీటర్ల బకెట్టు పట్టి గడియారము చూడుడు. 45 సెకండ్లలో నిండినచో నిమిషమునకు 20 లీటర్లు, గంటకు 1200 లీటర్లు. మోటారు పెట్టెమీది సంఖ్య ఇంతకంటె నెక్కువగా నుండును; అది ఎత్తు లేనప్పటి లెక్క. గొట్టము నెన్నుకొనునప్పుడు ఆ పెద్ద సంఖ్యనే నమ్ముట మేలు.

లోపలి వెడల్పు ఒక అంగుళమున్న గొట్టపు నోటిపై రెండంగుళముల నీరు నిలిచియున్నచో, అది గంటకు సుమారు 1000 లీటర్లను దింపును. అనగా మన మోటారునకు చాలదు. అంగుళమున్నర గొట్టమైనచో సుమారు 2400 లీటర్లు. వెడల్పు ఒకటిన్నర రెట్లేగాని, నోటి వైశాల్యము రెండుంబావు రెట్లగును. నోటిపై నీటిమట్టమును పెంచి ఇంత లాభము పొందుదమన్న వీలుపడదు; ప్రవాహము రెట్టింపగుటకు మట్టము నాలుగురెట్లు కావలయును. కావున వెడల్పు గొట్టమే మంచిది.

అటువంటివి రెండు పెట్టవలయును. రెండవదాని నోరు మొదటిదానికంటె కొంచెము పైన నుండి, మామూలుగా ఖాళీగా నుండును. మొదటిదానిలో ఆకో, నత్తయో చిక్కినప్పుడు నీరు దానిలోనికి పోవును. ఖాళీగా నున్నదిగదా యని కొందరు దానికి బిరడా బిగింతురు. ఇది అలుగుమీద ఇల్లు కట్టుకొనుట వంటిది. రెండింటిలో ప్రతిదియు ఒంటరిగానే మోటారు నీటినంతయు దింపగలిగి యుండవలయును.

ఇక విద్యుత్తు పోయినప్పటి సంగతి. మోటారు ఆగినను, పైతొట్టిలో గొట్టపు నోటికి పైనున్న నీరు దిగుచునే యుండును. మోటారు గొట్టపు కొన నీటిలో మునిగియున్నచో, ఆ దారినకూడ నీరు వెనుకకు జారును. కొనను నీటిమట్టమునకు చేరువగా నుంచినచో ఈ నష్టము తగ్గును. 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పుగల తొట్టిలో ఒక్క సెంటీమీటరు నీరనగా 5.4 లీటర్లు. మూడు సెంటీమీటర్లు దిగినచో 16 లీటర్లు సంపులోనికి వచ్చును. సంపు 75 పొడవు, 40 వెడల్పుగలదైనచో అందు నీరు ఐదున్నర సెంటీమీటర్లు లేచును. గొట్టములలోని నీటినికూడ కలుపుకొని, పైన ఎనిమిది సెంటీమీటర్లు ఖాళీ విడువవలయును.

వేసవిలో ఈ ఖాళీయే మోసపోవును. పైతొట్టి మట్టము మారదు. ఆవిరియైన నీటి లోటంతయు సంపులోనే కనబడును. చూచినవారు జాలిపడి సంపు నిండ నీరు పోయుదురు. ఆ సాయంకాలమే కరెంటు పోవును! మోటారు నడుచుచుండగా నీరు ఇంతవరకే యని సంపు గాజుపై రంగుతో గీత గీసి, పనిమనిషికిని పిల్లలకును చూపుట యవసరము.

ఇంతకంటె గట్టి యేర్పాటొకటి కలదు. సంపులో మోటారున్న గది నీరు, పైతొట్టిలో అంచువరకు గల ఖాళీకంటె తక్కువగా నుండునట్లు చేయవలయును. అప్పుడు రెండు గొట్టములును మూసికొన్నను తొట్టి పొంగదు. మోటారు ఒట్టిగా తిరిగి చెడిపోవచ్చును; పోనిండు, దానికి వెల కలదు. తడినేలమీద విద్యుత్తు తగిలినచో పోవునది ప్రాణము. ప్లగ్గుల బోర్డు తొట్టికి ప్రక్కగా, ఎత్తున నుండవలయును. తీగమీద జారు నీరు ప్లగ్గులోనికి పోకుండ తీగను క్రిందికి వ్రేలాడనిచ్చి పైకి తేవలయును.

గాజునకు రంధ్రము వేయించుటకు ముందు అది టఫెన్డు గాజు కాదని దుకాణదారునొద్ద నిశ్చయించుకొనుడు. అటువంటి గాజు రంధ్రము వేయగనే ముక్కలగును. చేపలను విడుచుటకు ముందే మొదటి గొట్టపు నోటిని అరచేత మూసి, రెండవది నీటినంతయు దింపుచున్నదేమో ఐదు నిమిషములు చూడుడు. తరువాత స్విచ్చి ఆపి, సంపులో నీరెంతవరకు లేచినదో చూచి, ఆ మట్టమునుబట్టి గీతను సవరించుకొనుడు.