బయట మంచు కురుస్తుంటే ఇంట్లోకి వేడి ఎక్కడిది?



మన దౌల్తాబాద్‌లో చలి మొదలైంది. పిల్లలు స్వెటర్లు, మంకీ క్యాపులతో బడికి వస్తున్నారు. మొన్న ఎనిమిదో తరగతిలో ఒక పాప అడిగింది: "టీచర్, డల్లాస్‌లో మా బాబాయి వాళ్లింట్లో ఏసీ లాంటి మిషనే చలికాలంలో వేడి ఇస్తుందట. బయట అంతా మంచే కదా, మరి వేడి ఎక్కడి నుంచి వస్తుంది?"

ఆ మిషన్ పేరు హీట్ పంపు. దాని రహస్యం మీ వంటింట్లోనే ఉంది. ఫ్రిజ్ వెనుకో పక్కనో చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటుంది. లోపలి పాలు, కూరగాయల్లోని వేడినే ఫ్రిజ్ తోడి బయట పోస్తోంది. బోరు మోటారు నీళ్లను తయారు చేయదు, కింద ఉన్నవాటిని పైకి తెస్తుంది. హీట్ పంపు కూడా అంతే. బయటి గాలిలోని వేడిని ఇంట్లోకి తెస్తుంది.

చల్లటి గాలిలో వేడి ఉంటుందా?

ఉంటుంది. సున్నా డిగ్రీలు నీళ్లు గడ్డకట్టే హద్దు మాత్రమే. వేడి అన్నదే లేని స్థితి మైనస్ 273 డిగ్రీలు. ఏసీల్లో వాడే ఆర్-32 వాయువు మామూలు పీడనం దగ్గర మైనస్ 52 డిగ్రీలకే మరుగుతుంది. బయట మైనస్ 10 ఉంటే, గొట్టాల్లోని ద్రవం అంతకంటే చల్లగా ఉండి గాలిలోని వేడిని పీల్చుకుని ఆవిరవుతుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని నొక్కగానే అది బాగా వేడెక్కుతుంది. సైకిల్‌కు గాలి కొట్టేటప్పుడు పంపు వేడెక్కడం మీకు తెలిసిందే. ఆ వేడి గదిలోకి వస్తుంది.

చలి ముదిరితే?

ఓ మోస్తరు చలిలో ఒక యూనిట్ కరెంటుకు దాదాపు మూడు యూనిట్ల వేడి వస్తుంది. మైనస్ 15 దగ్గర అది సుమారు రెండుకు పడిపోతుంది. అయినా మామూలు హీటర్ ఇచ్చే ఒక యూనిట్ కంటే మేలే. అందుకే మంచు దేశమైన నార్వేలో సగానికి పైగా ఇళ్లలో హీట్ పంపులున్నాయి.

రెండో ఇబ్బంది, బయటి యూనిట్‌కు మంచు పట్టడం. అప్పుడు మిషన్ కొన్ని నిమిషాలు వెనక్కి తిరిగి, ఇంటి వేడితో ఆ మంచును కరిగించుకుంటుంది. పొగలా ఆవిరి లేస్తుంది, నీళ్లు కారతాయి. పిల్లల దగ్గరికి విదేశాలకు వెళ్లే తాతయ్యలు, నానమ్మలు అది చూసి కంగారుపడి స్విచ్ ఆపనక్కర్లేదు.

కరెంటు పోతే?

హీట్ పంపు కరెంటు లేనిదే నడవదు. 2021 ఫిబ్రవరిలో డల్లాస్‌లో మైనస్ 19 డిగ్రీల చలి పడింది. టెక్సాస్‌లో లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. కొందరు ఇంట్లోనే బొగ్గులు రాజేసుకుని కార్బన్ మోనాక్సైడ్ వల్ల ప్రాణాలు కోల్పోయారు. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు.

ఈ మాట మనకూ వర్తిస్తుంది. చలిగా ఉందని పసిపిల్లలు, పెద్దవాళ్లు పడుకునే గదిలో నిప్పుల కుంపటి పెట్టి తలుపులు మూయకండి. మన చలికి మరో దుప్పటి చాలు.

ఈ ఆదివారం పిల్లల చేత ఫ్రిజ్‌ను తాకించి, ఆ వేడి ఎక్కడిదో వాళ్లనే చెప్పమనండి.

మీ సైన్స్ టీచర్