రెండు చక్రాల మీద 570 కిలోమీటర్లు

తెల్లవారుజామున అయిదు గంటలు. హైదరాబాదులో ఒక ఇంటి ముందు స్పోర్ట్స్ మోటారు సైకిలు సిద్ధంగా ఉంది. ఆ ఇంటి అన్నయ్య దాని మీద బెంగుళూరు వెళ్లబోతున్నాడు. జడ్చర్ల, కర్నూలు, గుత్తి, అనంతపురం మీదుగా 44వ నంబరు జాతీయ రహదారిలో దాదాపు 570 కిలోమీటర్ల ప్రయాణం. అమ్మ రెండు షరతులు పెట్టింది. ఒకటి, చీకటి పడేలోగా చేరాలి. రెండు, తొందరపడకూడదు. ఈ రెండూ ఒకదానికొకటి పొసగుతాయా? అన్నయ్యతోపాటు మనమూ వెళ్లి చూద్దాం రండి.

బయలుదేరే ముందు

అన్నయ్య మొదట టైర్లలో గాలి చూసుకున్నాడు. కొంతదూరం నడిచాక చూడవచ్చు కదా అంటారేమో! బండి నడుస్తుంటే టైరు వేడెక్కుతుంది, లోపలి గాలి పీడనం పెరుగుతుంది. అప్పుడు కొలిస్తే అసలు లెక్క తెలియదు. అందుకే టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. బండి మొత్తాన్ని రోడ్డుకు అంటిపెట్టి ఉంచేది రెండు టైర్ల కింద అరచేయంత మేర మాత్రమే. ప్రాణం ఆధారపడేది ఆ అరచేతి మీదే! తరవాత చైను మరీ బిగువుగాగాని, మరీ వదులుగాగాని లేదని చూసి, దానికి నూనె పట్టించాడు. బ్రేకులు, దీపాలు సరిచూసుకున్నాడు.

ముందుకు వంగి కూర్చోవడం ఎందుకు?

మామూలు మోటారు సైకిలు మీద నిటారుగా కూర్చుంటాం. స్పోర్ట్స్ బండి హ్యాండిలు కిందికి ఉంటుంది. పాదాలు వెనక్కి ఉంటాయి. నడిపేవాడు ట్యాంకు మీదికి వంగవలసిందే. ఇది షోకు కోసం కాదు. బండి ముందుకు పోతుంటే గాలి ఎదురు తోస్తుంది. వేగం రెండింతలైతే ఈ తోపుడు నాలుగింతలవుతుంది. దాన్ని తోసుకుపోవడానికి ఇంజను ఇవ్వవలసిన సామర్థ్యం ఎనిమిదింతలవుతుంది! వంగి కూర్చుంటే గాలికి అడ్డుపడే శరీర భాగం తగ్గుతుంది. ముందున్న వంపు తిరిగిన కవచం గాలిని పక్కలకు జార్చివేస్తుంది.

అయితే దీనికి మూల్యం ఉంది. నెమ్మదిగా పోయేటప్పుడు శరీరం బరువు మణికట్ల మీద పడుతుంది. ఊళ్లలో రద్దీలో చేతులు నొప్పెడతాయి. అందుకే అన్నయ్య మోకాళ్లతో ట్యాంకును గట్టిగా పట్టి, నడుము బలంతో కూర్చుంటాడు, చేతులను వదులుగా ఉంచుతాడు.

ఎడమకు తిరగాలంటే ఎడమచేత్తో తోయాలి!

బీచుపల్లి వద్ద కృష్ణను, కర్నూలు వద్ద తుంగభద్రను దాటాడు అన్నయ్య. ముందు ఎడమవైపు మలుపు వచ్చింది. అతను ఏం చేశాడో గమనించారా? హ్యాండిలు ఎడమ కొసను కొంచెం ముందుకు తోశాడు! అంటే ముందు చక్రం ఒక్క క్షణం కుడివైపుకు తిరిగింది. చక్రాలు కుడివైపుకు జరిగేసరికి పైనున్న బండీ, మనిషీ ఎడమకు వాలారు. ఆ వాలుతోనే బండి ఎడమకు తిరిగింది. మీరు సైకిలు తొక్కేటప్పుడు కూడా ఇదే చేస్తారు. మీకు తెలియకుండా చేస్తారు, అంతే.

మలుపులో బండి ఎంత వాలాలో లెక్క ఉంది. 50 మీటర్ల వ్యాసార్ధం గల వంపులో గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతే నిలువు నుంచి దాదాపు 30 డిగ్రీలు వాలాలి. అదే వంపులో వేగం 80 అయితే 45 డిగ్రీలు వాలాలి! అప్పుడు టైరుకూ రోడ్డుకూ మధ్య ఘర్షణ బలం, బండీ మనిషీ కలిసిన మొత్తం బరువుతో సమానంగా ఉండాలి. పొడి రోడ్డు మీదే అది కష్టం. ఇసుకో, నీళ్లో, ఒలికిన డీజిలో ఉంటే జారిపోవడం ఖాయం. అందుకే వేగం తగ్గించుకోవలసింది మలుపు రాకముందే, మలుపులో కాదు.

ఆగడానికి ఎంత దూరం?

రోడ్డు మీదికి హఠాత్తుగా ఒక గేదె వచ్చిందనుకోండి. దాన్ని చూసి బ్రేకు నొక్కడానికి మనిషికి సుమారు ఒక సెకను పడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఆ సెకనులోనే బండి 17 మీటర్లు పోతుంది. మంచి బ్రేకులు, పొడి రోడ్డు ఉంటే ఆగేందుకు మరో 20 మీటర్లు కావాలి. మొత్తం 37 మీటర్లు. వేగం 100 అయితే? ఆ సెకనులో 28 మీటర్లు, బ్రేకు నొక్కాక 55 మీటర్లు. మొత్తం 83 మీటర్లు! వేగం రెండింతలు కూడా కాలేదు, ఆగే దూరం మాత్రం రెండింతలు దాటింది. ఎందుకంటే గతిశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది.

బ్రేకు వేయగానే బరువు ముందు చక్రం మీదికి వస్తుంది. కనుక బండిని ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. కాని చక్రం తిరగడం పూర్తిగా ఆగిపోతే బండి జారుతుంది. చక్రం అలా బిగిసిపోకుండా చూసే ఏబీఎస్ ఏర్పాటు మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ మించిన కొత్త బండ్లన్నిటికీ తప్పనిసరి అయింది.

ఎండ, నిద్ర

గుత్తి దాటేసరికి ఎండ ముదిరింది. గాలి వేడి 40 డిగ్రీలు. "చొక్కా గుండీలు విప్పితే చల్లగా ఉంటుందిగా?" అంటారు మీరు. పొరపాటు! మన చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. గాలి అంతకన్న వేడిగా ఉంటే, ఎంత వీస్తే అంత వేడిని శరీరానికి అందిస్తుంది. శరీరాన్ని చల్లబరచేది చెమట. ఒక గ్రాము చెమట ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల వేడి తీసుకుంటుంది. కాని ఎదురుగాలిలో చెమట కనబడకుండానే ఆరిపోతుంది, నీరు తగ్గిపోతున్న సంగతి తెలియదు. అందుకే అన్నయ్య జాకెట్టు విప్పలేదు. లోపలి చొక్కా తడుపుకున్నాడు, దాహం వేయకముందే నీళ్లు తాగాడు.

భోజనం తరవాత తిన్నని రోడ్డు, ఒకే మాదిరి ఇంజను చప్పుడు. కునుకు వస్తుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లు కన్ను మూస్తే బండి 67 మీటర్లు గుడ్డిగా పోయినట్టే! నిద్రకు మందు నిద్రే, పాట కాదు, టీ కాదు. అన్నయ్య చెట్టు నీడన బండి ఆపి ఇరవై నిమిషాలు పడుకున్నాడు.

ఒక మరణం నేర్పిన పాఠం

ఇంగ్లండులో టి.ఇ. లారెన్స్ అనే ప్రసిద్ధుడుండేవాడు. వేగం అంటే ఆయనకు ప్రాణం. ఆయన దగ్గర ఉన్న బ్రౌ సుపీరియర్ ఎస్ఎస్ 100 ఆ రోజుల్లో గంటకు నూరు మైళ్లు పోగల మేటి బండి. 1935 మే 13న డార్సెట్‌లో సైకిళ్ల మీద పోతున్న ఇద్దరు పిల్లలను తప్పించబోయి ఆయన పడిపోయాడు. తలకు దెబ్బ తగిలింది. ఆరు రోజుల తరవాత, స్పృహ రాకుండానే మరణించాడు. ఆయన తలకు హెల్మెట్టు లేదు.

ఆయనను చూసిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడున్నాడు. ఆ మరణం ఆయనను ఆలోచింపజేసింది. రెండవ ప్రపంచ యుద్ధం మొదటి 21 నెలల్లో బ్రిటనులో 2,279 మంది మోటారు సైకిలు ప్రయాణికులు రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు. ఎక్కువమందికి తల దెబ్బలే! హెల్మెట్టు పెట్టుకుని తలకు దెబ్బ తగిలినవారు కెయిర్న్స్‌కు ఏడుగురే కనిపించారు. ఆ ఏడుగురూ బతికారు. 1941లో ఆయన ఈ సంగతి ప్రచురించాడు. ఆ సంవత్సరమే బ్రిటిషు సైన్యం హెల్మెట్టును తప్పనిసరి చేసింది. అక్కడి మామూలు ప్రజలకు ఆ చట్టం వచ్చింది మాత్రం 1973లో.

మన మోటారు వాహనాల చట్టం ప్రకారం నాలుగేళ్లు దాటిన ప్రతివారూ, వెనక కూర్చున్నా సరే, హెల్మెట్టు పెట్టుకోవాలి. అంటే మీరు కూడా!

మీరే చేసి చూడండి

హెల్మెట్టు ఎలా కాపాడుతుంది? ఒక కోడిగుడ్డు తీసుకోండి. మడతపెట్టిన బొంత మీదికి మోకాలి ఎత్తునుంచి వదలండి. పగలదు. అదే ఎత్తునుంచి నేలమీద పరచిన కాగితం మీదికి వదలండి. పగులుతుంది. రెండుసార్లూ గుడ్డు వేగం ఒకటే, తేడా ఆగిన దూరంలో ఉంది. ఆగే దూరం పదింతలైతే తగిలే బలం పదోవంతు అవుతుంది. హెల్మెట్టు పెంకు కింద ఉండే థర్మోకోలు పొర నలిగిపోతూ తలకు ఆ దూరాన్ని ఇస్తుంది. ఒకసారి నలిగిన పొర మళ్లీ పనికిరాదు. కనుక దెబ్బ తిన్న హెల్మెట్టును మార్చవలసిందే.

ఇక అమ్మ షరతుల లెక్క. 570 కిలోమీటర్లు 100 వేగంతో పోతే 5 గంటల 42 నిమిషాలు. 80 వేగంతో 7 గంటల 8 నిమిషాలు. తేడా గంటా 26 నిమిషాలే! ఊళ్లలో రద్దీకి, నీళ్లకు, భోజనానికి, చెట్టుకింద నిద్రకు మరో నాలుగు గంటలు వేసుకున్నా సాయంత్రం నాలుగున్నరలోపే చేరవచ్చు. అలాగే చేరాడు అన్నయ్య. బండి స్టాండు వేసి, హెల్మెట్టు తీసి, మొట్టమొదట అమ్మకు ఫోను చేశాడు.

"చేరానమ్మా! ఇంకా ఎండ ఉంది."