సాంకేతిక శిఖరాలపై తెలుగు వనిత

పాఠ్యభాగ ఉద్దేశం

సాంకేతిక రంగంలో ఒక తెలుగు మహిళ సాధించిన ప్రగతిని పరిచయం చేయడం, విద్యార్థి జీవితంలో మార్గదర్శికి గల ప్రాముఖ్యాన్ని వివరించడం, గ్రామీణ బాలికలలో ఉన్నత సాంకేతిక విద్యపట్ల ఆసక్తిని, ఆత్మవిశ్వాసాన్ని పెంపొందించడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

ఆధునిక మానవ జీవితంలో కంప్యూటర్ ప్రవేశించని రంగం లేదు. బ్యాంకు ఖాతా, రైలు టికెట్టు, వాతావరణ సూచన, పరీక్షా ఫలితాలు అన్నీ దానిపైనే ఆధారపడి ఉన్నాయి. ఇంతటి శక్తిమంతమైన యంత్రాన్ని రూపొందించేవారే కంప్యూటర్ ఇంజనీర్లు. వీరి కృషి ప్రధానంగా రెండు విధాలుగా సాగుతుంది. యంత్రభాగాలను నిర్మించడం మొదటిది. ఆ యంత్రం ఏ పనిని ఏ క్రమంలో చేయాలో తెలిపే ఆదేశాలను రాయడం రెండవది. మొదటిదానిని హార్డ్‌వేర్ అనీ, రెండవదానిని సాఫ్ట్‌వేర్ అనీ వ్యవహరిస్తారు. ఒకటి దేహం వంటిదైతే, మరొకటి బుద్ధి వంటిది. ఈ రెండూ కలిసినప్పుడే కంప్యూటర్ పనిచేస్తుంది.

ఈ రంగం పురుషులకే తగినదన్న అభిప్రాయం సమాజంలో చాలాకాలం ప్రబలంగా ఉండేది. కాని చరిత్ర ఇందుకు భిన్నమైన సాక్ష్యం చెబుతోంది. ఇంగ్లండుకు చెందిన అడా లవ్‌లేస్, చార్లెస్ బాబేజ్ ఊహించిన గణనయంత్రం ద్వారా లెక్కలు చేసే పద్ధతిని 1843లోనే వివరంగా రాసి ప్రచురించింది. 1946లో అమెరికాలో ఆవిష్కృతమైన ఎనియాక్ అనే తొలితరం ఎలక్ట్రానిక్ కంప్యూటర్‌కు ఆదేశాలు రూపొందించినవారు ఆరుగురు యువతులు. మనుషుల భాషకు దగ్గరగా ఉండే ఆదేశాలను యంత్రభాషలోకి మార్చే కంపైలర్ల నిర్మాణానికి 1952లో బాటలు వేసినది గ్రేస్ హాపర్. స్త్రీలు ఈ రంగంలో మొదటినుండీ ఉన్నారు. లోపించినది గుర్తింపు మాత్రమే. ఎనియాక్ యువతుల పేర్లు దశాబ్దాలపాటు వెలుగులోకి రాలేదు. తమకు ముందు ఎవరూ నడవలేదనుకున్న దారిలో అడుగుపెట్టడానికి తరువాతి తరం జంకడం సహజం. అందువల్ల ముందు నడిచినవారి జీవితాలను తెలుసుకోవడం ఎంతైనా అవసరం.

భారతదేశంలో ఇంజనీరింగు చదివిన తొలి మహిళలలో ఒకరు తెలుగు వనిత కావడం మనకు గర్వకారణం. ఆమె అయ్యలసోమయాజుల లలిత. 1919లో మద్రాసులోని తెలుగు కుటుంబంలో జన్మించిన లలితకు చిన్నతనంలోనే వివాహమైంది. కుమార్తె పుట్టిన కొద్దినెలలకే భర్త మరణించారు. నాటి సమాజంలో వితంతువు చదువును కొనసాగించడమే సాహసం. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యులు. ఆయన ప్రోత్సాహంతో లలిత అదే కళాశాలలో విద్యుత్ ఇంజనీరింగులో చేరి 1943లో పట్టభద్రురాలయ్యారు. కళాశాల పట్టాలు అప్పటికి పురుషులను ఉద్దేశించే ముద్రితమై ఉండడంతో, ఆమె పట్టాపై ‘అతడు’ అన్న పదాన్ని కొట్టివేసి ‘ఆమె’ అని చేతితో రాయవలసివచ్చింది. ఆ చిన్న సవరణ ఒక యుగపు మార్పునకు గుర్తు. తరువాతి కాలంలో లలిత భాక్రా నంగల్ ఆనకట్టకు సంబంధించిన విద్యుదుత్పత్తి యంత్రాల రూపకల్పనలో పాలుపంచుకున్నారు. 1964లో న్యూయార్కులో జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సమావేశంలో పాల్గొన్నారు.

లలిత తెరిచిన ద్వారం గుండా మరికొంత ముందుకు సాగి, కంప్యూటర్ యుగంలో ప్రపంచఖ్యాతి పొందిన తెలుగు మహిళ పద్మశ్రీ వారియర్. ఆమె పుట్టింటివారి ఇంటిపేరు యెల్లెపెద్ది. జన్మస్థలం విజయవాడ. ఆ నగరంలోనే పాఠశాల విద్య, మేరిస్ స్టెల్లా కళాశాలలో చదువు పూర్తిచేసుకొని, ఢిల్లీలోని ఐ.ఐ.టి.లో ప్రవేశం సంపాదించారు. కెమికల్ ఇంజనీరింగు ప్రధాన విషయంగా 1982లో పట్టా పొందారు. ఆ రోజులలో ఐ.ఐ.టి. తరగతులలో విద్యార్థినులు వేళ్లమీద లెక్కించగలిగినంత మందే ఉండేవారు. అనంతరం ఆమె అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో అదే శాఖలో మాస్టర్స్ పట్టా పొంది, 1984లో మోటరోలా సంస్థలో ఇంజనీరుగా చేరారు. కొంతకాలం పనిచేసి తిరిగి పరిశోధనకు వెళ్లాలన్నది ఆమె తొలి ఆలోచన. కాని ఆ సంస్థలో ఆమె ప్రస్థానం 23 సంవత్సరాలు సాగింది.

రసాయన సంబంధమైన ఇంజనీరింగు చదివిన వ్యక్తి కంప్యూటర్ల రంగంలో ఎలా రాణించగలిగారన్న సందేహం కలుగవచ్చు. కంప్యూటర్‌కు గుండెకాయ వంటి చిప్ తయారయ్యే విధానం తెలిస్తే ఈ సందేహం తీరుతుంది. చిప్‌కు ముడిపదార్థం సిలికాన్. నదీతీరాలలో కనిపించే ఇసుకలోనూ, స్ఫటిక శిలలోనూ ఉండేది ఈ మూలకమే. స్ఫటిక శిలనుండి వేరుచేసిన సిలికాన్‌ను అనేక రసాయన ప్రక్రియల ద్వారా అత్యంత పరిశుద్ధం చేస్తారు. దానిని కరిగించి కడ్డీగా మలచి, పలుచని బిళ్లలుగా కోస్తారు. ఆ బిళ్లలపై కాంతితో సూక్ష్మచిత్రాలను ముద్రించి, అవసరంలేని భాగాలను రసాయనాలతో తొలగిస్తారు. ఇలా పొరపై పొరగా పనిచేసి, గోరంత స్థలంలో కోట్లాది ట్రాన్సిస్టర్లను నిర్మిస్తారు. ఒక్క ధూళికణం పడినా చిప్ పాడైపోయే ప్రమాదం ఉంది. కాబట్టి చిప్ తయారీలో భౌతిక, రసాయన, విద్యుత్ శాస్త్రాలన్నీ సమ్మిళితమై ఉంటాయి. కంప్యూటర్ రంగానికి ద్వారం ఒక్కటే కాదని, ఏ శాఖ చదివినా మూలసూత్రాలను గట్టిగా నేర్చుకున్నవారికి అందులో స్థానం ఉందని పద్మశ్రీ జీవితం నిరూపిస్తోంది.

మోటరోలాలో సెమీకండక్టర్ల విభాగంలో అడుగుపెట్టిన ఆమె, పురుషులే అధికసంఖ్యలో పనిచేసే కర్మాగారంలో తన ప్రతిభతో స్థానం సంపాదించుకున్నారు. సమస్యను విడదీసి పరిశీలించడం, తెలియని విషయాన్ని అడిగి తెలుసుకోవడం, అప్పగించిన పనిని పూర్తిచేయడం ఇంజనీరుకు ఉండవలసిన ప్రాథమిక లక్షణాలు. ఈ లక్షణాలకు నాయకత్వ పటిమ తోడు కావడంతో ఆమె అంచెలంచెలుగా ఎదిగి, 2003లో ఆ సంస్థకు ముఖ్య సాంకేతికాధికారి అయ్యారు. సంస్థ రాబోయే సంవత్సరాలలో ఏ పరిశోధనలు చేపట్టాలో, ఏ పరికరాలను నిర్మించాలో నిర్ణయించే పదవి అది.

2007 డిసెంబరులో ఆమె సిస్కో సంస్థకు ముఖ్య సాంకేతికాధికారిగా వెళ్లారు. కంప్యూటర్లను ఒకదానితో ఒకటి అనుసంధానించే పరికరాలను తయారుచేయడంలో సిస్కో ప్రసిద్ధి పొందినది. 2015లో ఆ సంస్థను విడిచి, విద్యుత్ కార్లను నిర్మించే నియో సంస్థ అమెరికా విభాగానికి అధిపతి అయ్యారు. నేటి విద్యుత్ కారు చక్రాలపై నడిచే కంప్యూటర్ వంటిదే. 2018 చివర ఆ బాధ్యతలనుండి వైదొలగి, 2019లో పుస్తక పఠనాన్ని ప్రోత్సహించే ఫేబుల్ అనే సంస్థను స్థాపించారు. చిప్, సమాచార వలయం, కారు, పుస్తకం ఇలా నాలుగు విభిన్న క్షేత్రాలలో ఆమె పనిచేశారు. ప్రతి మలుపులోనూ కొత్త విద్యార్థిలా నేర్చుకోవలసిందే. ఉద్యోగం, కుటుంబం, అభిరుచులు ఒకదానితో ఒకటి పోటీపడేవి కావని, వాటిని సమన్వయం చేసుకోవాలని ఆమె తరచూ యువతకు చెబుతూ వచ్చారు. తీరిక వేళల్లో చిత్రలేఖనం, హైకూ రచన ఆమెకు ఇష్టమైన వ్యాపకాలు.

ఒక వ్యక్తి ఉన్నత స్థానానికి చేరడం గొప్ప విషయమే. అయితే ఆ స్థానానికి చేరిన దారిని వెనుకవచ్చేవారికి చూపినప్పుడే ఆ విజయం సమాజానికి సంపద అవుతుంది. ఇలా దారి చూపే వ్యక్తినే మార్గదర్శి అంటారు. ఉపాధ్యాయుడు పాఠాన్ని బోధిస్తాడు. మార్గదర్శి ఆ పాఠం జీవితంలో ఎక్కడికి తీసుకుపోతుందో తెలియజేస్తాడు. ఏ కోర్సులో చేరాలి, దరఖాస్తు ఎప్పుడు పంపాలి, ఒక పరీక్షలో తప్పితే ఏమి చేయాలి, మౌఖిక పరీక్షలో ఎలా మాట్లాడాలి అన్నవి పాఠ్యపుస్తకాలలో దొరకని విషయాలు. ఇవి అనుభవం ఉన్నవారు చెబితేనే తెలుస్తాయి.

కంప్యూటర్ చరిత్రలో మహిళా మార్గదర్శులకు కొదవలేదు. గ్రేస్ హాపర్ తన ఉపన్యాసాలకు వచ్చినవారికి సుమారు 30 సెంటీమీటర్ల పొడవున్న తీగముక్కలను పంచిపెట్టేది. సెకనులో వందకోట్లవ వంతు కాలంలో విద్యుత్ సంకేతం అంతకుమించి ప్రయాణించలేదని ఆ తీగ ద్వారా తెలిపేది. కంటికి కనిపించని కాలపరిమాణాన్ని చేతికందించిన బోధన అది. తాను సాధించినవాటిలో కంపైలర్ కన్నా, తాను తీర్చిదిద్దిన యువతీయువకులే మిన్న అని ఆమె భావించింది. నల్లజాతి మహిళ అయిన డోరతీ వాన్, తరువాతి కాలంలో నాసాగా మారిన సంస్థలో చేతితో లెక్కలు చేసే మహిళల బృందానికి 1949లో నాయకురాలైంది. ఎలక్ట్రానిక్ కంప్యూటర్లు రాగానే తాను ఫోర్‌ట్రాన్ భాషను నేర్చుకుని, తోటి మహిళలకూ నేర్పింది. యంత్రం తమ పనిని లాగుకొనకముందే, ఆ యంత్రాన్ని నడిపే విద్యను తనవారికి అందించిన దూరదృష్టి ఆమెది.

ఇటువంటి మార్గదర్శనం రాయలసీమ వంటి ప్రాంతాలకు మరింత అవసరం. వానలు తప్పితే పంట తప్పే నేలలో చదువే నమ్మదగిన సేద్యం. కడపనుండి తిరుపతికి వెళ్లే దారిలో ఉన్న ఒంటిమిట్ట కోదండరామాలయానికి ప్రసిద్ధి చెందిన క్షేత్రం. శిథిలావస్థకు చేరిన ఆ ఆలయాన్ని, టెంకాయచిప్ప చేతబట్టి ఊరూరా విరాళాలు సేకరించి ఉద్ధరించినవారు వావిలికొలను సుబ్బారావు. ఒక్కరి సంకల్పం తరతరాలకు మేలు చేయగలదని ఆ ప్రాంతవాసులకు వేరుగా చెప్పనక్కరలేదు. విద్య విషయంలోనూ అటువంటి సంకల్పమే కావాలి. ఒంటిమిట్ట వంటి ఊళ్లలో తెలుగు మాధ్యమంలో చదివిన బాలిక ఇంజనీరింగులో చేరగానే ఆంగ్ల గ్రంథాలను ఎదుర్కొంటుంది. వసతిగృహం ఖర్చు, ఇల్లు విడిచి దూరం పంపడానికి పెద్దల సంకోచం, చదువు ముగియకముందే పెళ్లి ప్రస్తావన ఆమెకు అడ్డువస్తాయి. తెలివి లేక కాదు, తెలిపేవారు లేక ఆగిపోయిన చదువులు ఎన్నో ఉన్నాయి. అదే ఊరినుండి వెళ్లి చదువుకున్న అక్క ఒకరు వచ్చి తల్లిదండ్రుల ఎదుట కూర్చుని నాలుగు మాటలు చెబితే, ఆ సంకోచం చాలావరకు తొలగిపోతుంది.

ఈ లోటును తీర్చే దిశగా కొన్ని మంచి ప్రయత్నాలు జరిగాయి. కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారాన్ని 1994లో అందుకున్న రాజ్ రెడ్డి చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించినవారు. గ్రామీణ విద్యార్థులకు సాంకేతిక విద్య అందాలన్న ఆయన ఆలోచన, 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి ప్రేరణగా నిలిచింది. దాని ప్రాంగణాలలో ఒకటి కడప జిల్లా ఇడుపులపాయలో ఉంది. పదవ తరగతి పూర్తిచేసినవారిని చేర్చుకొని, ఆరు సంవత్సరాలు అక్కడే వసతి కల్పించి ఇంజనీర్లుగా తీర్చిదిద్దడం దీని ప్రత్యేకత. ప్రవేశాలలో ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు అదనపు ప్రాధాన్యం ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో వృత్తివిద్యా కళాశాలల సీట్లలో మూడవ వంతు మహిళలకు కేటాయించారు. ఐ.ఐ.టి.లలో విద్యార్థినుల సంఖ్యను పెంచడానికి 2018నుండి అదనపు సీట్లు ఏర్పాటు చేశారు. అఖిల భారత సాంకేతిక విద్యామండలి ‘ప్రగతి’ పేరుతో సాంకేతిక విద్య చదివే బాలికలకు ఉపకార వేతనాన్ని ప్రవేశపెట్టింది.

సీట్లు, ఉపకార వేతనాలు ద్వారాన్ని తెరుస్తాయి. ఆ ద్వారం ఎక్కడ ఉందో చెప్పి, చేయి పట్టుకొని లోపలికి తీసుకుపోవడానికి మాత్రం మనిషే కావాలి. మార్గదర్శి కావడానికి పెద్ద పదవి ఉండనక్కరలేదు. రెండవ సంవత్సరం చదివే విద్యార్థిని మొదటి సంవత్సరం విద్యార్థినికి మార్గదర్శి కావచ్చు. సెలవులకు ఊరికి వచ్చిన ఇంజనీరింగు విద్యార్థి, తాను చదివిన పాఠశాలకు వెళ్లి ఒక పూట పిల్లలతో గడపవచ్చు. తనకు తెలిసిన దరఖాస్తు విధానం, తాను చేసిన పొరపాటు, తనను నిలబెట్టిన పుస్తకం ఇవన్నీ పంచుకోదగినవే. అదేవిధంగా తెలియనిదానిని సంకోచించక అడగడం విద్యార్థి ధర్మం. అడగనిదే అమ్మైనా పెట్టదన్న సామెత చదువుకూ వర్తిస్తుంది.

పట్టాపై ‘ఆమె’ అని చేతితో రాయించుకున్న లలిత కాలంనుండి, ప్రపంచస్థాయి సంస్థల సాంకేతిక భవిష్యత్తును నిర్దేశించిన పద్మశ్రీ వారియర్ కాలం వరకు తెలుగు మహిళ ఎంతో దూరం ప్రయాణించింది. మిగిలిన దూరాన్ని ఏ ఒక్కరూ ఒంటరిగా నడవలేరు. ఒక దీపంతో మరొక దీపాన్ని వెలిగిస్తే మొదటి దీపపు కాంతి తరగదు. చీకటి మాత్రం మరికొంత తగ్గుతుంది. తాము పొందిన విద్యను, అనుభవాన్ని తరువాతివారికి అందించడమే విద్యావంతుల కర్తవ్యం.

అభ్యాసం

అ. కింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పద్మశ్రీ వారియర్ విద్యా, ఉద్యోగ ప్రస్థానాన్ని వివరించండి.
2. విద్యార్థి జీవితంలో మార్గదర్శి పాత్రను పాఠం ఆధారంగా విశ్లేషించండి.

ఆ. కింది ప్రశ్నలకు ఐదు పంక్తులలో సమాధానాలు రాయండి.
1. సిలికాన్‌నుండి చిప్ తయారయ్యే విధానాన్ని తెలపండి.
2. అయ్యలసోమయాజుల లలిత పట్టాలో చేసిన సవరణ ఏమిటి? దాని ప్రాముఖ్యం ఏమిటి?
3. గ్రేస్ హాపర్ తీగముక్కలను ఎందుకు పంచిపెట్టింది?
4. రాయలసీమ గ్రామీణ బాలికల ఉన్నత విద్యకు ఎదురయ్యే ఆటంకాలను పేర్కొనండి.