“హాయ్” అను లేఖకు ప్రత్యుత్తరము



నేఁడు మన యాఁడుబిడ్డలు పెక్కండ్రు చేతిఫోనులోనే వరుల పరిచయము చేసికొనుచున్నారు. మోతె, కోదాడ ప్రాంతములనుండి హైదరాబాదునకు ఉద్యోగమునకై పోయిన పిల్లలకును ఇది క్రొత్త కాదు. 2012లో టిండరు, 2014లో బంబుల్ వెలసెను. 2022లో తెలుగువారికై “నీతో” యను యాప్ కూడ వచ్చెను. వీనిలో మొట్టమొదట వచ్చు లేఖ తఱచుగా నొక్కటే: “హాయ్”, లేదా “తిన్నారా?”. దీనికేమని బదులు వ్రాయవలెనో తోఁచక పిల్లలు చిక్కుపడుదురు.

పెండ్లిచూపులలో వరుఁ డడుగునదియు నిట్టిదే కదా! “నీ పేరేమి? ఎంతవఱకు చదివితివి?” ఆ రెండును అతనికి ముందే తెలియును. అయినను ఆ పొడిప్రశ్న మనకు వెలితిగాఁ దోఁపదు. ఏలయనఁగా, దాని వెనుక మేనమామలును బంధువులును విచారించి తెచ్చిన వార్త యున్నది. ఫోనులోని “హాయ్” వెనుక నేమియు లేదు. ఆ లోటును పిల్లయే తన ప్రశ్నలతోఁ బూరించుకొనవలెను.

పోతనామాత్యుని భాగవతములో రుక్మిణీదేవి యగ్నిద్యోతనుఁడను విప్రునిచే సందేశ మంపెను. తన మనసును, శ్రీకృష్ణుఁడు రావలసిన వేళను, పార్వతీదేవి గుడికిఁ దాను వెడలివచ్చు సంగతిని విశదముగాఁ దెలిపెను. కాఁబట్టియే యాతనికిఁ గర్తవ్యము తెలిసెను.

“హాయ్”కు “హాయ్” యనియే బదులిచ్చినచో మాట ముందుకు సాగదు. అతఁడు తన్నుగూర్చి వ్రాసికొన్న దానిలో నొక విషయమును గ్రహించి యడుగుట మేలు. “నాగార్జునసాగరము వద్ద దిగిన చిత్రమును బెట్టితిరి, ఎవరితోఁ బోయితిరి?” అని వ్రాసినఁ జాలును. బిడియస్థుఁడైనచో నిశ్చింతగా నాలుగు మాటలు చెప్పును. మరల నొక్క ముక్కయే వచ్చినచో నంతటితో విడిచిపెట్టవచ్చును. అది యమర్యాద కాదు. బంబులులో మొదట స్త్రీయే వ్రాయవలెనను నియమ ముండెడిది. 2024లో స్త్రీ యొక ప్రశ్నను ముందుగా నుంచఁగా పురుషుఁడు దానికి బదులు వ్రాయు పద్ధతిని గూడఁ జేర్చిరి. తొలిమాట భారమెంతటిదో దీనివలనఁ దెలియుచున్నది.

చప్పని లేఖకంటె, పరిచయమైన మఱునాఁడే తేనెలొలుకు లేఖకు వెఱవవలెను. ధనమునుగాని రహస్యచిత్రములనుగాని యడిగినవానితో మాట త్రెంచివేయవలెను. ధనము మోసపోయినచో వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను.

తల్లులకొక మనవి. పిల్ల యట్టి లేఖను దెచ్చి చూపినపుడు కోపింపకుఁడు. కోపించినచో రెండవ లేఖను మనకుఁ జూపదు. మోసగానికిఁ గావలసినది యదియే. ప్రక్కనఁ గూర్చుండి కలసి చదువుఁడు. పెండ్లిచూపులనాఁడు వరుని ప్రశ్న వెనుకఁ బెద్దలు నిలిచినట్లు, నేఁడు మన పిల్ల ప్రత్యుత్తరము వెనుక మనము నిలువవలెను.